ముఖానికి తువ్వాలు కడితే రాతిధూళి ఆగదు

ఈ ఉదయం బెంగళూరు సర్జాపుర రోడ్డులో మా అపార్ట్‌మెంటు పక్క సైటులో విన్న మాటకు నా ఒళ్లు ఇంకా మండుతూనే ఉంది. పునాది గోతిలో బండ తగిలింది. పాలమూరు నుంచి వచ్చిన ఇరవయ్యేళ్ల కుర్రవాడు జాక్ హామర్ పట్టుకుని, చుక్క నీరు లేకుండా దానికి రంధ్రాలు వేస్తున్నాడు. కనురెప్పల మీద కూడా తెల్లటి పొడి పేరుకుంది. ముక్కుకు చుట్టుకున్న తువ్వాలు చెమటకు తడిసి, మూతి దగ్గర బూడిదరంగు ముద్దలా అంటుకుపోయింది. మిషన్‌కు నీటి గొట్టం బిగించే చోటు ఉంది, దానికి బిరడా కొట్టి మూసేశారు. "నీళ్లు ఎందుకు పెట్టలేదు తమ్ముడూ?" అంటే "మేస్త్రి వద్దన్నడన్నా" అన్నాడు. మేస్త్రిని అడిగితే గొయ్యంతా బురదవుతుందనీ, ట్యాంకరుకు డబ్బు ఎవరిస్తారనీ నన్నే నిలదీశాడు.

కంప్రెషర్ నుంచి గాలి ఆరేడు బార్ల ఒత్తిడితో, అంటే కారు టైరులోని గాలికి సుమారు మూడింతల ఒత్తిడితో, మిషన్‌లోకి వస్తుంది. లోపలి వాల్వు ఆ గాలిని పిస్టన్‌కు ఒకసారి పైనుంచి, ఒకసారి కిందినుంచి మళ్లిస్తే, పిస్టన్ నిమిషానికి దాదాపు 2,000 సార్లు డ్రిల్ రాడ్డు తలపై కొడుతూ, వెనక్కి వెళ్లే ప్రతిసారీ రాడ్డును కాస్త తిప్పుతుంది కాబట్టి, రాడ్డు కొనన ఉండే బిట్టు ప్రతి దెబ్బకూ కొత్తచోట రాతిని నలుపుతుంది. నలిగిన పొడి బయటికి రావడానికే రాడ్డు మధ్యలో బోలుగా ఉంటుంది. అందులోంచి గాలి పంపితే ఆ పొడి నేరుగా పట్టుకున్నవాడి ముఖం మీదికి లేస్తుంది, నీరు పంపితే అడుగునే తడిసి బురదగా పైకి వస్తుంది. అమెరికాలో జార్జ్ లేనర్ 1890లలోనే బోలు రాడ్డులో మొదట గాలి పంపి, గని కార్మికులు ఆ ధూళిని భరించలేమన్నాక నీటికి మారాడు. అప్పుడే తేలిపోయిన విషయాన్ని ఈ రోజు ట్యాంకరు ఖర్చు పేరు చెప్పి తోసిపుచ్చుతున్నారు.

ఈ ఊరి కింద ఉన్నది లాల్‌బాగ్ గుట్ట మీద కనిపించే ఆ పాత గ్నైస్ రాయే, దాదాపు 300 కోట్ల ఏళ్ల నాటిది, క్వార్ట్జ్, అంటే సిలికా ఖనిజం, నిండుగా ఉన్నది. దాని ధూళిలో ఊపిరితిత్తుల లోతుకు చేరే సిలికా రేణువులు కంటికి కనబడనంత సన్ననివి, అవి తువ్వాలు నేతలోంచి సులువుగా దూరిపోతాయి. ముఖానికి సరిగ్గా అతుక్కునే రెస్పిరేటర్ మాస్కు కావాలి, దానికంటే ముందు నీరు కావాలి. గాలి గొట్టం క్లాంపు స్థానంలో బైండింగ్ వైరు చుట్టి ఉండడం కూడా చూశాను. ఆ గొట్టం ఊడితే కొరడాలా ఎగిరి మనిషి తల పగలగొడుతుంది. జోడింపుల దగ్గర సేఫ్టీ కేబుల్ లేదు, ఆ కుర్రవాడి చెవులకు ఏమీ లేదు.

మా పెదనాన్న ఇరవై రెండేళ్లు క్వారీలో ఇలాగే పొడి డ్రిల్లింగ్ చేశారు. దగ్గు మొదలైతే క్షయ అని ఏళ్ల తరబడి మందులు మింగించారు, ఆయన ఏ పని చేస్తారని అడిగినవారే లేరు. అది సిలికోసిస్, అంటే సిలికా ధూళితో ఊపిరితిత్తులకు మచ్చలు పడే జబ్బు అని తెలిసేసరికి నాలుగు మెట్లు ఎక్కడానికి రెండుసార్లు కూర్చునేవారు. ఆ మచ్చలు పడ్డ ఊపిరితిత్తులను మళ్లీ బాగుచేసే మందు లేదు. కాంట్రాక్టరు ఒక్కసారి కూడా చూడడానికి రాలేదు, ఆ కోపం నాకు నేటికీ తగ్గలేదు.

మా అపార్ట్‌మెంటు గ్రూపులో పొద్దుటి నుంచీ కార్ల మీద దుమ్ము పడుతోందన్న ఫిర్యాదులే నడుస్తున్నాయి. మన సంపు నుంచి ఆ మిషన్‌కు నీళ్లిద్దాం, గొట్టం నేనే కొంటాను అని రాశాను. రేపు ఉదయం ఎనిమిదింటికి డ్రిల్లింగ్ మళ్లీ మొదలవుతుంది, ఇంతవరకు ఒక్కరూ జవాబివ్వలేదు.