బ్యాగు సర్దారు సరే, బ్యాంకు పుస్తకం సంగతేంటి?

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కవిటి, కంచిలి, సోంపేట వైపు ఒక కుర్రాడు గల్ఫ్‌కో సింగపూర్‌కో వెళ్తున్నాడంటే ఇంట్లో నెల ముందు నుంచే హడావిడి. వెల్డింగ్ సర్టిఫికెట్, మెడికల్, ఏజెంటుకి కట్టడానికి వడ్డీకి తెచ్చిన అప్పు, ఆవకాయ డబ్బా. ఏ కాగితం మీద ఎవరి పేరుందో చూసుకునే తీరిక ఎవరికీ ఉండదు.

మా బంధువు ఒకతను ఇలాగే వెళ్లాడు. జీడితోటకి అన్నగారి పేర జీపీఏ, అంటే తన బదులు పనులు చూసే అధికార పత్రం, రాసిచ్చాడు. జీతం తండ్రి ఖాతాకి పంపేవాడు. కూతురి పేర ఫిక్స్‌డ్ డిపాజిట్ వేసి గార్డియన్‌గా తన పేరే పెట్టుకున్నాడు. పాపకి ఆపరేషన్ అవసరమై తల్లి ఆ కాగితం పట్టుకుని బ్యాంకుకి వెళ్తే, ‘గార్డియన్ మీరు కాదమ్మా, మీ ఆయన సంతకం కావాలి’ అన్నారు. చివరికి చేతి గాజులు తాకట్టు పెట్టింది. మొగుడు నెలనెలా డబ్బు పంపుతున్న ఇల్లే అది!

నిజానికి చట్టం తల్లిని అంత దూరం పెట్టలేదు. 1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టం ‘తండ్రి, ఆయన తర్వాత తల్లి’ అంటుంది. ఆ ‘తర్వాత’కి అర్థం తండ్రి చనిపోయాక అనే కాదు, ఆయన అందుబాటులో లేనప్పుడు కూడా అని గీతా హరిహరన్ కేసులో సుప్రీంకోర్టు 1999లోనే చెప్పింది. కొడుకు పేర రిజర్వు బ్యాంకు బాండ్లు కొనడానికి తల్లి గార్డియన్‌గా సంతకం పెడితే కుదరదన్నందుకే ఆ కేసు మొదలైంది. కానీ పాప ఆసుపత్రిలో ఉండగా కౌంటర్ దగ్గర తీర్పులు వల్లించడం ఎవరి తరం? డిపాజిట్ వేసేటప్పుడే తల్లి పేరు గార్డియన్‌గా రాయిస్తే గొడవే లేదు.

జీపీఏ అసలే వద్దని నేననను. కాయ అమ్మడానికి, కూలీలకి ఇవ్వడానికి ఎవరో ఒకరు కావాలి. ఆ పనుల వరకే రాయాలి, అమ్మకం, తాకట్టు అధికారం కలపకూడదు. పైగా రాసిచ్చిన మనిషి పోతే మామూలుగా జీపీఏ కూడా చెల్లదు. అప్పుడు పనికొచ్చేది వీలునామా. తెల్లకాగితం మీద రాసి ఇద్దరు సాక్షుల ముందు సంతకం పెట్టి, వాళ్ల చేతా సంతకాలు చేయిస్తే చాలు, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. భార్యాభర్తలిద్దరూ రాయాలి. తల్లి బతికుండగా, పిల్లలకి తండ్రి వీలునామాలో పెట్టిన సంరక్షకుడి మాట చెల్లదు. తల్లి తన వీలునామాలో మేనమామ పేరు రాస్తే ఆ పేరే నిలుస్తుంది. తాతయ్యో నానమ్మో డయాలసిస్ మీద ఉన్న ఇళ్లు ఉద్దానంలో ఎన్ని లేవు? వాళ్లే చూసుకుంటార్లే అని ధీమాగా ఎలా ఉంటాం?

నామినీ సంగతీ అంతే. బ్యాంకు ఖాతాల్లో నామినీ డబ్బు అందుకునే మనిషే తప్ప, నామినీ అయినంత మాత్రాన వారసుడు కాడు. పెళ్లికి ముందు పెట్టిన పేర్లు అలాగే ఉండిపోతాయి. ఉద్యోగానికి వెళ్లాక పాత సేవింగ్స్ ఖాతాని ఎన్‌ఆర్‌ఓగా (ప్రవాసులు ఇక్కడి రాబడికి వాడే ఖాతా) మార్పించుకోవాలి, దాచుకునేది ఎన్‌ఆర్‌ఈలో (విదేశీ సంపాదన వేసుకునే ఖాతా) వేసుకోవచ్చు. ఇంటి ఖర్చు మాత్రం నేరుగా భార్య సొంత ఖాతాకే పంపాలి.

పదో తరగతి పాసవ్వని వాళ్లు ఎమిగ్రేషన్ క్లియరెన్స్ (పనికి విదేశం వెళ్లడానికి ప్రభుత్వ అనుమతి) మీద గల్ఫ్‌కి వెళ్తే ప్రవాసీ భారతీయ బీమా యోజన తప్పనిసరి. రెండేళ్లకి 275 రూపాయలు, ప్రమాదంలో చనిపోతే 10 లక్షలు. అలాంటి పాలసీ ఒకటుందని ఇంటావిడకి తెలియకపోతే క్లెయిమ్ ఎవరు చేస్తారు? ఫొటో తీసి ఆమె ఫోన్‌కి పంపడానికి నిమిషం పట్టదు.

మావాడు మొన్న సెలవుకి వచ్చినప్పుడు గడువు తీరిన డిపాజిట్‌ని భార్యని గార్డియన్‌గా పెట్టి మళ్లీ వేశాడు. జీపీఏ రద్దు చేయిద్దామని రెండుసార్లు బయల్దేరాడట. అన్నయ్యకి ఏమని చెప్పాలో తోచక, బండి తిప్పుకుని ఇంటికొచ్చేశాడు.