మరి గారికి బహిరంగ లేఖ

క్యోటో వాస్తవ్యులు, జింకతోలు బంతి మరి గారికి నమస్కారాలు.

మీ దేశంలో మిమ్మల్ని ‘మరి’ అంటారని తెలిసి సంతోషించాను. మాకది రోజూ నోట్లో నానే మాటే. మ్యాచ్ అయ్యాక “ఎవరు గెలిచారు మరి?” అనే కదా అడుగుతాం! తీరా చూస్తే మీ కెమారి ఆటలో ఆ ప్రశ్నకే చోటు లేదు. గోలుపోస్టు లేదు, స్కోరు లేదు, అసలు జట్లే లేవు. ఆరుగురో ఎనిమిది మందో పెద్దమనుషులు పొడుగు నల్లటోపీలు, వదులు చేతుల చొక్కాలు వేసుకుని చుట్టూ నిలబడతారు. మిమ్మల్ని నేల తాకనివ్వకుండా ఒకరికొకరు తన్ని అందిస్తారు. పక్కవాడికి ఇబ్బంది లేకుండా అందించినవాడే మొనగాడు. అదీ కుడికాలితోనే. మెస్సీ వచ్చినా “ఎడమకాలా? అయ్యో, కూర్చోండి, టీ తాగండి” అంటారు కాబోలు.

పుట్టింట్లో మీరిలా లేరు. చైనాలో మీ ఆటని సూజూ అనే రోజుల్లో మీకూ గోలుండేది, గెలుపోటములుండేవి. సుమారు 1400 ఏళ్ల కిందట జపాన్ ఆస్థానంలో అడుగుపెట్టి, కొత్తకోడలిలా అణకువ నేర్చేసుకున్నారు. మీ తయారీ కూడా అలాంటిదే. రెండు తోలుముక్కలు కలిపి, లోపల బార్లీ గింజలు కూరి, గుండ్రటి ఆకారం రాగానే గింజలు తీసేస్తారట. పైకి నిండుగా, లోపల ఖాళీగా. అచ్చం పెద్దింటి వ్యవహారం.

నాకు మింగుడుపడనిది ఇమగావా ఉజిజానే అనే జపాన్ దొరగారి సంగతి. 1560 యుద్ధంలో ఆయన తండ్రి, ఒడా నొబునాగా అనే మరో దొర సేన చేతిలో చనిపోయాడు. 1575లో అదే నొబునాగా “మీరు కెమారి బాగా ఆడతారటగా” అన్నాడు. ఈయన వెళ్లి ఆడి చూపించాడు! మా సినిమాల్లో అయితే అక్కడ ఇంటర్వెల్ పడేది, సెకండాఫ్ అంతా కత్తులే. మీరు మాత్రం మెత్తగా గాల్లోకి లేచి మెత్తగా దిగారు.

ఇప్పుడు ఫుట్‌బాల్ వాళ్లు మిమ్మల్ని తాతగారంటున్నారు. కానీ జపాన్‌కి ఫుట్‌బాల్ తెచ్చింది 1873లో వచ్చిన ఇంగ్లిష్ నేవీవాళ్లు. ఆస్తి మేనమామది, గోడమీద ఫొటో మీది. క్యోటోలో షిరమినే గుడికి ఆటగాళ్లు వెళ్లి మీ దేవుడికి బంతులు సమర్పించి గెలిపించమని మొక్కుతారు. గెలుపంటే ఏమిటో ఎరగని దేవుణ్ణి!

ఆయన మొక్కు విన్నది ఒక్కసారే అని నా అనుమానం. 2018 ప్రపంచకప్, వోల్గోగ్రాడ్. జపాన్ 0-1తో పోలండ్ చేతిలో ఓడిపోతోంది. అవతల ఇంకో మ్యాచ్‌లో సెనెగల్ కూడా ఓడిపోతోంది. పాయింట్లు సమానం, గోల్స్ సమానం. జపాన్‌కి ఎల్లో కార్డులు 4, సెనెగల్‌కి 6. అన్నీ సమానమైతే కార్డులు తక్కువున్నవాళ్లే ముందుకెళ్తారు. అంటే మర్యాదగా ఉంటే చాలు! చివరి పది నిమిషాలు మనవాళ్లు... క్షమించాలి, మీవాళ్లు, గోలు వైపు చూడకుండా వాళ్లలో వాళ్లే బంతి ఇచ్చిపుచ్చుకున్నారు. సెనెగల్ ఒక్క గోలు కొడితే జపాన్ ఇంటికే, ఆ టెన్షన్‌లోనూ ఎవరికీ ఇబ్బంది కలగనివ్వలేదు. స్టేడియమంతా గోలగోలగా తిట్టింది. జపాన్ ఓడిపోయి, తర్వాతి రౌండుకి వెళ్లింది.

మీరు కనబడ్డ ఆ పది నిమిషాలే జనానికి నచ్చలేదండీ, తాతగారూ.

ఇట్లు,
ఒక ఫుట్‌బాల్ పిచ్చోడు

తా.క.: ఆడేటప్పుడు మీవాళ్లు వేసే ‘అరి’, ‘ఓ’ అనే కేకలు బంతి దేవతల పేర్లట. మేమూ బంతి ముఖం మీదకొస్తే “ఓరి నాయనో” అంటాం. అది ఏ దేవతో కనుక్కుని చెప్పగలరు.