కప్పు గెలవని నలుగురికే మొదటి స్థానం

అమెరికన్ ఫుట్‌బాల్ చరిత్రలో అత్యుత్తమ లైన్‌బ్యాకర్ల బృందం ఏది అన్న చర్చ మొదలైతే చాలామంది ముందుగా లీగ్ ఫైనల్ అయిన సూపర్ బౌల్ ట్రోఫీలు లెక్కపెడతారు. ఆ లెక్కన న్యూ ఆర్లీన్స్ సెయింట్స్ జట్టుకు చోటే దొరకదు. రికీ జాక్సన్, వాన్ జాన్సన్, శామ్ మిల్స్, పాట్ స్విల్లింగ్ కలిసి ఉన్న 1986–92 కాలంలో ఆ జట్టు నాలుగుసార్లు ప్లేఆఫ్స్‌కు వెళ్లి, నాలుగుసార్లూ మొదటి మ్యాచ్‌లోనే ఇంటిదారి పట్టింది. అయినా నా జాబితాలో మొదటి స్థానం వారిదే.

పిల్లలు డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉండటంతో కొత్తగా ఈ ఆట చూడటం మొదలుపెట్టినవారి కోసం రెండు మాటలు. డిఫెన్స్‌లో ముందు వరుసలోని భారీకాయులు ప్రత్యర్థి గోడను ఢీకొడతారు. చివరి వరుసవారు పాస్‌లను కాచుకుంటారు. ఈ రెండింటి మధ్య నిలిచేవారే లైన్‌బ్యాకర్లు. పరుగు వస్తే అడ్డుపడాలి, పాస్ అయితే వెనక్కి తగ్గి కాయాలి, అదను చూసి, పాస్ విసిరే క్వార్టర్‌బ్యాక్ మీదికి దూకాలి. ఏది చేయాలో బంతి కదిలిన క్షణంలోనే తేల్చుకోవాలి. ముందు వరుస బలంగా ఉంటే ఈ పని సగం తేలికవుతుంది. అందుకే నా కొలమానం ఒక్కటే: ముందున్నవారి అండ ఎంత, వీరు సొంతంగా చేసింది ఎంత?

ఈ తూకంలో సెయింట్స్‌కు సాటి లేదు. వారి డిఫెన్స్‌లో ముందు ముగ్గురు, వెనుక నలుగురు లైన్‌బ్యాకర్లు. ఆ ముందు ముగ్గురి పేర్లు ఈ రోజు ఎంతమందికి గుర్తున్నాయి? వెనుక నలుగురూ 1992 సీజన్‌కు లీగ్ మేటి ఆటగాళ్ల మ్యాచ్ అయిన ప్రో బౌల్‌కు ఎంపికయ్యారు. ఒకే జట్టు నుంచి నలుగురు లైన్‌బ్యాకర్లు ఒకేసారి ఎంపిక కావడం మరెప్పుడూ జరగలేదు. 1991, 1992 రెండు సీజన్లలోనూ లీగ్ మొత్తంలో అతి తక్కువ పాయింట్లు ఇచ్చిన జట్టు అదే. 1991లో 17 సాక్‌లతో (పాస్ విసరకముందే క్వార్టర్‌బ్యాక్‌ను పడగొట్టడం) స్విల్లింగ్ ఉత్తమ డిఫెన్స్ ఆటగాడిగా నిలిచాడు. క్రికెట్ భాషలో చెప్పాలంటే, రాబర్ట్స్, హోల్డింగ్, గార్నర్, క్రాఫ్ట్ ఉన్న వెస్టిండీస్ దాడి ముందు బ్యాట్స్‌మన్‌కు ఊపిరి పీల్చుకునే ఓవర్ ఉండేది కాదు. సెయింట్స్ ఎదుట బంతి పట్టి పరుగెత్తేవాడిదీ అదే పరిస్థితి.

వీరిలో నాకు ఎక్కువ ఇష్టుడు మిల్స్. ఎత్తు ఐదడుగుల తొమ్మిది అంగుళాలు. ఈ స్థానానికి పొట్టివాడని క్లీవ్‌లాండ్ వద్దంది, కెనడా లీగ్ జట్టూ వద్దంది. న్యూజెర్సీలో హైస్కూలు పిల్లలకు పాఠాలు చెప్పుకుంటున్నవాడిని కొత్తగా పుట్టిన యూఎస్‌ఎఫ్‌ఎల్ లీగ్ పిలిచింది. అక్కడ అతనికి కోచ్‌గా ఉన్న జిమ్ మోరా 1986లో సెయింట్స్‌కు వస్తూ తనతో పాటే తెచ్చుకున్నాడు. 2022లో మిల్స్‌ను హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చారు. అప్పటికి అతను చనిపోయి పదిహేడేళ్లు.

మరి ప్లేఆఫ్ ఓటముల సంగతేమిటి? 1992 సీజన్ ప్లేఆఫ్స్‌లో ఫిలడెల్ఫియా ఈగిల్స్ చివరి క్వార్టర్‌లోనే 26 పాయింట్లు చేసి 36–20తో గెలిచింది నిజమే. కానీ అందులో ఒక సేఫ్టీ (బంతి ఉన్నవాడిని అతని సొంత గోల్ ప్రాంతంలోనే పడగొట్టి సాధించే పాయింట్లు), అడ్డుకున్న పాస్‌తో సాధించిన ఒక టచ్‌డౌన్ కూడా ఉన్నాయి. ఆ రెండూ జరిగినప్పుడు మన నలుగురూ మైదానం బయట కూర్చుని ఉన్నారు. ఆఫెన్స్ చేసిన తప్పులను వీరి ఖాతాలో రాయడం న్యాయం కాదు.

రెండో స్థానం 1986 న్యూయార్క్ జెయింట్స్‌కు. లారెన్స్ టేలర్ ఒక్కడి పేరే వినిపిస్తుంది కాబట్టి బృందంగా వారిని తక్కువ చేసేవారున్నారు. ఆ ఏడాది 20.5 సాక్‌లతో లీగ్‌లో అత్యంత విలువైన ఆటగాడిగా (ఎంవీపీ) ఎంపికైనవాడి నీడలో ఎవరైనా చిన్నగానే కనిపిస్తారు. అనుమానం ఉన్నవారు డెన్వర్‌పై ఆడిన సూపర్ బౌల్‌ను మళ్లీ చూడాలి. గోల్ గీతకు ఒక్క గజం దూరంలో డెన్వర్‌కు బంతి దొరికింది. మొదటి ప్రయత్నాన్ని టేలర్, రెండోదాన్ని హ్యారీ కార్సన్, మూడోదాన్ని కార్ల్ బ్యాంక్స్ అడ్డుకున్నారు. ఆపై కిక్ కూడా గురి తప్పింది. సెయింట్స్ అభిమానుల పాత గాయం ఒకటి ఇక్కడే చెప్పాలి. కొత్త ఆటగాళ్లను జట్లు వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో, 1981లో మొట్టమొదటి ఎంపిక వారిదే. టేలర్‌ను వదిలి, బంతి పట్టి పరుగెత్తే రన్నింగ్ బ్యాక్ జార్జ్ రోజర్స్‌ను తీసుకున్నారు. రెండో రౌండ్‌లో జాక్సన్ దొరకడంతో ఆ గాయం కొంత మానింది.

మూడో స్థానం 1970ల పిట్స్‌బర్గ్ స్టీలర్స్‌కు. జాక్ హామ్, జాక్ ల్యాంబర్ట్, ఆండీ రస్సెల్. 1976లో చివరి తొమ్మిది మ్యాచ్‌లలో ఆ డిఫెన్స్ ఇచ్చింది మొత్తం 28 పాయింట్లు. అయితే ల్యాంబర్ట్ ముందు జో గ్రీన్ ఉన్నాడు. గ్రీన్ వంకరగా నిలబడి అడ్డుకునేవారిని తన మీదికి లాక్కుంటే ల్యాంబర్ట్‌కు దారి ఖాళీ అయ్యేది. ఈ కారణంగానే వారిని మూడో మెట్టు మీద ఆపాను. ఎవరి సాయమూ లేకపోయినా గొప్పగా ఆడేవాడే అనిపించేది హామ్ ఒక్కడు. 32 ఇంటర్‌సెప్షన్లంటే (ప్రత్యర్థి పాస్‌ను మధ్యలో అందుకోవడం) చివరి వరుసవాడికి కూడా మంచి లెక్కే.

నాలుగో స్థానంలో 1969 కాన్సాస్ సిటీ చీఫ్స్. బాబీ బెల్, విల్లీ లేనియర్, జిమ్ లించ్. మధ్య లైన్‌బ్యాకర్ అంటే డిఫెన్స్‌కు బుర్ర. ఆ స్థానాన్ని నల్లజాతి ఆటగాడికి అప్పగించడానికి ఆ కాలపు కోచ్‌లు జంకేవారు. 1967లో ఒకే డ్రాఫ్ట్‌లో వచ్చిన లేనియర్, లించ్ ఇద్దరూ ఆ స్థానానికే పోటీపడ్డారు. లేనియర్ నెగ్గాడు, లించ్ పక్కకు జరిగాడు, జట్టు రెండేళ్లలో సూపర్ బౌల్ గెలిచింది. ఆ మ్యాచ్‌లో మిన్నెసోటా పరుగుతో సంపాదించింది 67 గజాలే. చరిత్రలో వారి విలువ ఈ ర్యాంకు కన్నా పెద్దది. కానీ వారి ముందు వరుసలో బక్ బుకానన్, కర్లీ కల్ప్ అనే రెండు కొండలున్నాయి.

ఐదో చోటు దగ్గర షికాగో అభిమానులు నన్ను తిడతారు. మైక్ సింగిల్‌టరీ, ఓటిస్ విల్సన్, విల్బర్ మార్షల్ ఉన్న 1985 బేర్స్‌ను కాదని 2012 శాన్ ఫ్రాన్సిస్కో ఫార్టీనైనర్స్‌కు ఇస్తున్నాను. బేర్స్ ముందు వరుసలో రిచర్డ్ డెంట్, డ్యాన్ హ్యాంప్టన్, స్టీవ్ మెక్‌మైకల్ ఉన్నారు. డిఫెన్స్ కోచ్ బడ్డీ ర్యాన్ పథకం మిగతాది చూసుకుంది. పాట్రిక్ విల్లిస్, నవారో బోమన్, ఆల్డన్ స్మిత్‌లకు అంత వైభవం లేకపోయినా ముగ్గురూ ఆ ఏడాది లీగ్ ఉత్తమ ఆటగాళ్ల ఎంపిక అయిన ఆల్-ప్రో మొదటి జట్టులో ఉన్నారు. వారి డిఫెన్స్‌ను నడిపింది విక్ ఫాంజియో. న్యూ ఆర్లీన్స్‌లో ఆ నలుగురికి లైన్‌బ్యాకర్స్ కోచ్‌గా పనిచేసినదీ ఇతనే.