వేరు కాపురం పెట్టిన వ్యర్థం

అణు వ్యర్థాల మీద చర్చ ఎక్కడ జరిగినా ఒక మేధావి తప్పక ఉంటాడు. "అది వ్యర్థమే కాదండీ, రసాయనాలతో వేరుచేస్తే సరి, 96 శాతం మళ్లీ వాడుకోవచ్చు" అంటాడు. అంత పెద్ద పనిని ఆ "సరి" అనే రెండక్షరాలు ఎంత తేలిగ్గా మోస్తాయో!

పద్ధతి ముచ్చటైనదే, కాదనను. వాడిన ఇంధన కడ్డీలను ముక్కలుగా కోసి వేడి నైట్రిక్ ఆమ్లంలో కరిగిస్తారు. కిరోసిన్ వంటి ద్రవంలో కలిపిన ట్రైబ్యూటైల్ ఫాస్ఫేట్ అనే రసాయనాన్ని దానితో చిలికితే ఆ 96 శాతం, అంటే యురేనియం, ప్లుటోనియం, బుద్ధిగా ఆ నూనెలోకి వెళ్లిపోతాయి. తీవ్రంగా వికిరణం చిమ్మే సీజియం, స్ట్రాన్షియం వంటివి ఆమ్లంలోనే చతికిలబడతాయి. కాపురాలు వేరయ్యాయి, గొడవ తీరింది! ఆమ్లంలో మిగిలింది మూడు నాలుగు శాతమే కదా అంటాడు మేధావి. తొలి శతాబ్దాల వికిరణంలో సింహభాగం ఆ కాస్తలోనే ఉంటుందని మాత్రం అనడు.

ఇక బ్రిటన్‌లోని సెల్లాఫీల్డ్‌కు వెళదాం. ఇదే పద్ధతిలో వాడిన ఇంధనాన్ని వేరుచేసిన అక్కడి థోర్ప్ కర్మాగారంలో ఒక పైపు విరిగింది. ఏ పైపు? కరిగిన ఇంధనంలో ఏది ఎంత ఉందో లెక్క తేల్చే తొట్టికి వెళ్లే పైపు! లెక్కల తొట్టి దగ్గరే 83 వేల లీటర్లు నేలపాలయ్యాయి. అందులో దాదాపు 20 టన్నుల యురేనియం, 160 కిలోల ప్లుటోనియం. నెలల తరబడి కారింది. సంకేతాలు కనబడుతూనే ఉన్నాయి. కొత్త కర్మాగారం కారదన్న ధీమా ముందు అవి ఏపాటి? తూకం తగ్గిందని ఒకరు అని ఉంటారు, తూకమే తప్పై ఉంటుందని మరొకరు సర్దిచెప్పి ఉంటారు, ఇద్దరూ సంతకాలు చేసి ఇళ్లకు వెళ్లి ఉంటారు. చివరికి 2005 ఏప్రిల్‌లో కెమెరా పంపి చూస్తే గది అడుగున మడుగు! స్టీలు తొడుగు వేసిన గది కాబట్టి బయటికి రాలేదు, ఎవరికీ హాని జరగలేదు. జరిమానా 5 లక్షల పౌండ్లు.

స్టీలు గది లేని చోట ఏమయింది? సోవియట్ మాయక్ కర్మాగారం 1949 నుంచి బాంబుల కోసం ప్లుటోనియం వేరుచేసి, మిగిలిన ద్రవాన్ని తిన్నగా టెచా నదిలోకి వదిలింది. ఒడ్డున ఉన్న పల్లెల వాళ్లు ఆ నీళ్లే తాగారు, పశువులకు పట్టారు, పిల్లలకు స్నానాలు చేయించారు. తాగవద్దని చెప్పడానికి ఏ రసాయనం కావలసి వచ్చింది? ఒక మనిషి, ఒక నోరు చాలు. రహస్యం అన్నారు! వాళ్ల ఎముకల్లోకి చేరిన స్ట్రాన్షియాన్ని ఏ నూనెతో చిలికి బయటికి తీస్తారో చెప్పండి, సిగ్గుంటే.

ఇంతకీ బ్రిటన్ అన్ని దశాబ్దాలు చిలికి కూడబెట్టిన ప్లుటోనియం దాదాపు 140 టన్నులు. దాన్ని ఎవరి చేతికీ అందని గట్టి రూపంలోకి మార్చి భూగర్భంలో పాతిపెడతామని అక్కడి ప్రభుత్వం 2025 జనవరిలో ప్రకటించింది. మేధావిగారు దీన్ని 96లో కలుపుతారా, మిగతా నాలుగులోనా?