ఇంకోసారి దగ్గండి అంకుల్

మా విశాఖ గాజువాకలో దుమ్ము కంటే కార్మికుల మీద తీసే డాక్యుమెంటరీలు ఎక్కువైపోయాయి. మొన్న మా పక్కింటాయన నైట్ డ్యూటీ దిగి, ఇంటిముందు బండికి స్టాండేసి, బూట్లు విప్పుకుంటూ ఒక్కసారి దగ్గాడు. అంతే, "సూపర్ అంకుల్! ఫోకస్ పోయింది, ఇంకోసారి దగ్గండి" అన్నాడు డైరెక్టరు. అంకుల్‌కి నలభై రెండు, డైరెక్టరుకి ముప్పై ఎనిమిదికి తక్కువుండదు, సరే.

దగ్గు మా వీధి కరెంటు లాంటిది, కావాలంటే రాదు. పాపం మొహమాటస్తుడు, గొంతు సవరించుకుని ప్రయత్నించాడు. "లోపల్నుంచి రావాలి అంకుల్." లోపల్నుంచి వచ్చిందాకా నాలుగు టేకులు.

తర్వాత ఇంట్లో ఫ్రిజ్‌కి దుప్పటి కప్పారు. కార్మికుడింట్లో ఫ్రిజ్ కనిపిస్తే బాధ పలచబడిపోతుందట. దానికింకా ఏడు వాయిదాలున్నాయి నాయనా, అంతకంటే బాధేం కావాలి? ఇడ్లీ ప్లేటు పక్కకి నెట్టి చద్దన్నం అడిగారు. "చద్దన్నం లేదు బాబూ, రాత్రి చపాతీలు చేశాను, రెండు మిగిలాయి, పెట్టనా?" అందావిడ. డైరెక్టరు మొహం చూడాలప్పుడు! చివరికి మా ఇంట్లోంచి అన్నం తెచ్చి, నీళ్లు పోసి, పచ్చిమిరపకాయ పెట్టి పేదరికాన్ని సిద్ధం చేశారు.

ఇంతలో ఆయనే నోరు విప్పాడు. పదిహేనేళ్లుగా అదే గేటు, అదే పని, కాంట్రాక్టరు మారినప్పుడల్లా సర్వీసు మళ్లీ మొదటికొస్తోందని, రెండు నెలల జీతం ఆగిందని. కెమెరా దించేశారు. "అంత డీటెయిల్ వద్దు అంకుల్, మీ ఫీల్ చెప్పండి."

ఫీలా? 2020 మే 7 తెల్లవారుజామున విశాఖ వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి లీకైన స్టైరిన్ అనే విషరసాయనం ఆవిరికి జనం పరిగెడుతూ పరిగెడుతూ రోడ్ల మీద కూలిపోయారు. 12 మంది పోయారు. ఆ ఫ్యాక్టరీలో సైరన్ ఎందుకు మోగలేదో అడగడానికి డ్రోన్ అక్కర్లేదు, ఒక మైకు, కాస్త సిగ్గు చాలు. 2024 ఆగస్టులో అచ్యుతాపురం ఫార్మా కంపెనీలో 17 మంది. వాళ్ల భార్యలు ఏడుస్తుంటే స్లోమోషన్‌లో తీసి వయొలిన్ వేసుకుంటారు గానీ, ఎవడి నిర్లక్ష్యమో ఒక్కడు అడిగి చావడు. అడిగితే సినిమా చివర థాంక్స్ చెప్పుకోవడానికి స్పాన్సరు మిగలడుగా!

పదకొండున్నరకి వాళ్లు సర్దుకున్నాక గానీ ఆయనకి నిద్ర దొరకలేదు. రాత్రి తొమ్మిదికి మళ్లీ బండి తీస్తుంటే దగ్గొచ్చింది. అటూ ఇటూ చూశాడు. కెమెరా లేదని రూఢి చేసుకుని, తనివితీరా దగ్గుకున్నాడు.