ఇంట్లో కూర్చుంటే ఆ కానుక వచ్చేదా?

నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో పట్టా పని మీద తహసీల్ ఆఫీసు చుట్టూ తిరిగిన రైతును ఎవరినైనా కదిలించండి. నోరు తెరిచి డబ్బులడిగే సార్ల మీద మండిపడతాడు. దసరాకు పంపిన మటన్ గురించో, సార్ బిడ్డ పెళ్లిలో ప్లాట్ల వ్యాపారి చదివించిన బంగారం గురించో అడిగితే మాత్రం "అది మర్యాద" అంటాడు. నాకు ఈ మర్యాదే ఎక్కువ ప్రమాదంగా కనిపిస్తుంది. లంచం అడిగితే 1064కు ఫోన్ చేసి ఏసీబీకి పట్టించొచ్చు. కానుక మీద ఫిర్యాదు చేసేదెవరు? ఇచ్చినవాడూ పుచ్చుకున్నవాడూ సంతోషంగానే ఉంటారు. నష్టపోయేది ఏమీ ఇచ్చుకోలేక ఫైలు అడుగునే ఉండిపోయిన మూడోవాడు.

ఇస్లాం ఈ సమస్యను మొదట్లోనే ఎదుర్కొంది. బనూ సులైమ్ తెగ దగ్గర జకాత్ (ముస్లింలు విధిగా ఇచ్చే దానం) వసూలుకు ముహమ్మద్ ప్రవక్త ఇబ్న్ అల్ లుత్బియ్య అనే వ్యక్తిని పంపారు. అతను తిరిగొచ్చి లెక్క అప్పజెబుతూ "ఇది మీది, ఇది నాకిచ్చిన కానుక" అన్నాడు. ప్రవక్త మసీదులోని ప్రసంగ వేదిక అయిన మింబర్ ఎక్కి అందరి ముందూ అడిగారు: అమ్మానాన్నల ఇంట్లోనే కూర్చుని ఉంటే ఇతనికి ఆ కానుకలు వచ్చేవా? ప్రవక్త మాటలనూ చేతలనూ నమోదు చేసిన హదీసు సంకలనాల్లో బుఖారీ, ముస్లిం అనే పండితులు కూర్చినవి రెండింటిలోనూ ఈ ఘటన ఉంది. ఎవరికైనా జకాత్ తగ్గించావా అని ఆయన అడగలేదు. కుర్చీని చూసి వచ్చిందా, మనిషిని చూసి వచ్చిందా అన్నదే ప్రశ్న. తర్వాతి ఫిఖ్ (ఇస్లామిక్ ధర్మశాస్త్రం) పండితులు ఖాజీల, అంటే న్యాయమూర్తుల, విషయంలో దీన్ని ఇంకా విడమరిచారు. బంధువులు, పదవికి ముందు నుంచీ ఇచ్చిపుచ్చుకునే స్నేహితులు పాత అలవాటు మేరకు ఇస్తే తీసుకోవచ్చు. వాళ్ల కేసు ఖాజీ ముందుంటే అదీ కుదరదు.

మన 1988 అవినీతి నిరోధక చట్టం 11వ సెక్షన్ కూడా ఈ దారిలోనే నడుస్తుంది. తన ముందు పని ఉన్న మనిషి నుంచో, రేపు పని పడే మనిషి నుంచో అధికారి విలువైనది ఊరికే తీసుకుంటే నేరం. ఆరు నెలల నుంచి ఐదేళ్ల దాకా జైలు. బదులుగా పని చేసిపెట్టాడని రుజువు చేయనక్కర్లేదు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. నిజాం దర్బారులో నజరానాలు సాగాయి, రెవెన్యూ అధికారి అయిన గిర్దావర్ ఊరికొస్తే పటేల్ పట్వారీలు ఇంటింటికీ తిరిగి కోళ్లు, నెయ్యి పోగుచేశారు. రాజు ముస్లిం కాబట్టి అది ఇస్లాం పద్ధతి అనుకుంటే పొరపాటు. అది జాగీర్దారీ పద్ధతి. దాని మీద 1946లో తిరగబడ్డ నల్లగొండలో ఇవాళ అదే కోడిని మనమే మోసుకెళ్లి సార్ ఇంట్లో ఇచ్చిరావడం నాకు బాధ కలిగిస్తుంది.

రెండు చట్టాలూ విడిపోయేది ఇచ్చేవాడి దగ్గర. లంచం ఇచ్చేవాడినీ, పుచ్చుకునేవాడినీ ప్రవక్త శపించారు. అయితే తన న్యాయమైన హక్కు దక్కించుకోవడానికి వేరే దారి లేక ఇచ్చినవాడికి పాపం అంటదని, అది తీసుకున్నవాడిదేనని చాలామంది పండితులు అన్నారు. మన చట్టంలో 2018 సవరణ తర్వాత ఇచ్చేవాడికి ఏడేళ్ల దాకా శిక్ష పడొచ్చు. బలవంతం మీద ఇచ్చానంటే సరిపోదు, ఏడు రోజుల్లో పోలీసులకో దర్యాప్తు సంస్థకో చెప్పాలి. అచ్చంపేట దగ్గరి తండాలో పాస్‌బుక్ చేతికి రాని రైతు, రేపు మళ్లీ అదే టేబుల్ ముందు నిలబడాల్సినవాడు, ఏడు రోజుల్లో ఆ సార్ మీదే ఫిర్యాదు చేస్తాడా? నిస్సహాయుడిని పండితులే బాగా అర్థం చేసుకున్నారని నా అభిప్రాయం. ఆ గడువును పాస్‌బుక్ చేతికందిన రోజు నుంచి లెక్కపెట్టేలా చట్టాన్ని మార్చాలి. అప్పటిదాకా ప్రతి తహసీల్ ఆఫీసు గోడ మీద ఏసీబీ నంబరు పక్కనే ఈ ఏడు రోజుల నిబంధననూ, కానుక తీసుకోవడమూ నేరమేనన్న మాటనూ పెద్ద అక్షరాల తెలుగులో, ఉర్దూలో రాయించాలి.