కాలవకి రెండు గట్లూ ఒకటే

భీమవరంలో ఓ ఇంటర్ కాలేజీ మెట్ల పక్క గోడ మీద అడవిలో చీలిన రెండు దారుల బొమ్మ వేసి, కింద అమెరికన్ కవి రాబర్ట్ ఫ్రాస్ట్ పద్యం 'ది రోడ్ నాట్ టేకెన్' చివరి మూడు లైన్లు రాశారు. ఆ పక్కనే ర్యాంకుల ఫొటోలు. ఎవరూ నడవని దారి పట్టు, పైకొస్తావ్ అని కాబోలు. చూసినప్పుడల్లా నవ్వొస్తుంది. ఆ పద్యం పుట్టిందే ఒక స్నేహితుణ్ణి ఆటపట్టించడానికి.

అతను బ్రిటిష్ రచయిత ఎడ్వర్డ్ థామస్. 1913లో లండన్‌లో ఇద్దరికీ పరిచయం. ఇల్లు గడవడానికి సమీక్షలూ, అడిగినవాళ్లకల్లా పుస్తకాలూ రాసి రాసి విసిగిపోయి ఉన్నాడు థామస్. 1914లో ఇంగ్లండ్‌లోని డైమాక్ ఊరి చుట్టూ ఇద్దరూ తెగ నడిచేవాళ్లు. మంచి మొక్కేదో చూపిస్తానని థామస్ ఒక దారి పట్టించేవాడు, తీరా తిరిగొచ్చేటప్పుడు రెండో దారిన వెళ్లాల్సిందని నొచ్చుకునేవాడు.

ఇలాంటివాడు నాకూ ఒకడున్నాడు. పాలకొల్లులో సాయంత్రం కాలవ గట్టు మీద నడిచి, టీ తాగి వెనక్కొస్తుంటే "అవతలి గట్టునెళ్తే లకుముకి పిట్ట కనబడేదిరా" అంటాడు. అవతలా అదే బురద, అవే కొబ్బరిచెట్లు, అదే గుర్రపుడెక్క. పద్యమూ ఇదే చెబుతుంది. రెండు దారులూ ఇంచుమించు ఒకేలా అరిగాయని మధ్యలో ఒప్పేసుకుంటుంది. తేడా అంతా ఎప్పుడో నిట్టూరుస్తూ చెప్పుకోబోయే కథలోనే. పాపం, ఆ లైన్లు గోడెక్కలేదు.

1915లో పద్యం అందినప్పుడు థామస్‌కి కూడా చమత్కారం తెలియలేదు, ఫ్రాస్ట్ విడమరచాల్సి వచ్చింది. ఆ ఏడాది జులైలోనే థామస్ సైన్యంలో చేరాడు, అప్పుడు మొదటి ప్రపంచయుద్ధం నడుస్తోంది. వయసు 37, ముగ్గురు పిల్లలు. బలవంతంగా చేర్చుకునే చట్టం అప్పటికింకా రాలేదు. అటు ఫ్రాస్టేమో అమెరికా వచ్చెయ్యమంటున్నాడు. దాంతో పద్యమే అతణ్ణి యుద్ధానికి తోసిందనే మాట పుట్టింది. నాకది మరీ సాగదీసినట్టుంటుంది. 1914 చివర్లో ఎస్టేటు కాపలావాడు తుపాకీతో బెదిరిస్తే ఫ్రాస్ట్ ఎదురు తిరిగాడు, థామస్ వెనక్కి తగ్గాడు. ఆ సిగ్గు అతణ్ణి చాన్నాళ్లు తొలిచింది. ఊగిసలాడే మనిషికి కారణం ఒక్కటే ఉంటుందా?

ఫ్రాస్ట్ చేసిన అసలు పని వేరే ఉంది. థామస్ వచనం చదివి, ఇది అప్పుడే కవిత్వమైపోయింది, పద్యంగా రాసి చూడు అన్నాడు. ఇరవయ్యేళ్లుగా రాస్తున్నవాణ్ణి ఆ మాట కదిలించింది. 1914 డిసెంబరులో మొదలుపెట్టి రెండేళ్ల చిల్లరలో 140కి పైగా కవితలు రాశాడు.

మన తణుకు కవి తిలక్ యుద్ధానికి వెళ్లకుండానే 'సైనికుడి ఉత్తరం' రాశాడు. థామస్ యూనిఫాంలో ఉండి కూడా పిట్టల మీద, వాన మీద, పల్లెదారుల మీద రాశాడు. యుద్ధం ఎక్కడో మనిషి లేని పొలంలా తగులుతుంది, అంతే. 1917 జనవరిలో ఫ్రాన్స్ వెళ్లాక కవితలు ఆగిపోయి డైరీ మిగిలింది. ఏప్రిల్ 9న అక్కడే అరాస్ దగ్గర యుద్ధంలో చనిపోయాడు.

కవితల పుస్తకం ఆ ఏడాదే వచ్చింది. అంకితం ఫ్రాస్ట్‌కి. అచ్చయిన కాపీని థామస్ చూసుకోలేదు.